కల్పిత లోకంలో మతం: దేవుడి పేరు కన్నా ముందు చేతులేం చేస్తున్నాయో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఫాంటసీ నవలలో మూడు మతాలున్నాయి: సముద్రాన్ని కొలిచే రేవు జనం, నిప్పుకొండ కింద బతికే జనం, చనిపోయిన పెద్దల్ని కొలిచే మైదానపు జనం. దేవుళ్ల వంశవృక్షం గీశారు. నలభై దాకా పూజా పదాలు తయారు చేశారు. డ్రాఫ్ట్ చదివినవాళ్లలో కొందరు పేర్లు గుర్తుండటం లేదన్నారు. ఇంకొందరు, ఇది మనకు తెలిసిన మతమే, పేర్లు మార్చారంతే అన్నారు. పదాలు మార్చాలా, మతాలే మార్చాలా అని అడిగారు.

పదాల్ని ఇప్పుడే ముట్టుకోకండి. వంశవృక్షాన్ని మాత్రం మడిచి సొరుగులో పెట్టండి. చాలా ఏళ్లుగా ఫాంటసీ రాస్తూ, కొత్తవాళ్ల రాతప్రతులు చదువుతూ వచ్చాను. కల్పిత మతం తేలిపోయిన ప్రతిచోటా నాకు ఒకటే లోపం కనిపించింది. రచయితకు దేవుడెవరో తెలుసు, భక్తుడు పొద్దున లేచి ఏం చేస్తాడో తెలియదు. మతాన్ని నిలబెట్టేది ఆ రెండోదే. పదాలు కూడా అక్కణ్నుంచే పుడతాయి.

నిజ చరిత్రలోనే కూర్చుని తయారు చేసిన మతాలున్నాయి. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన టాలమీ రాజులు గ్రీకులకూ ఈజిప్టువాళ్లకూ ఉమ్మడిగా సెరాపిస్ అనే దేవుణ్ని ముందుకు తెచ్చారు. మెంఫిస్‌లో అప్పటికే జనం కొలిచే ఒసిరిస్-ఆపిస్ అనే దేవుణ్ని తీసుకుని, గ్రీకు దేవుడిలా గడ్డం పెట్టి, తలమీద ధాన్యం కొలిచే కుంచం పెట్టారు. రాజకీయం కోసమే చేశారు. అయినా ఆ దేవుడు ఆరు శతాబ్దాలకు పైగా నిలిచాడు, మధ్యధరా తీరమంతా పాకాడు. అలెగ్జాండ్రియాలోని ఆయన గుడిని క్రీ.శ. 391లో కూల్చేదాకా అక్కడ కొలుపు ఆగలేదు.

రెండోది ఫ్రెంచి విప్లవం నాటిది. 1794 జూన్ 8న విప్లవ నాయకుడు రోబెస్పియర్ పారిస్‌లో 'పరమాత్మ ఉత్సవం' జరిపించాడు. డేవిడ్ అంతటి చిత్రకారుడు దానికి రూపకల్పన చేశాడు. కృత్రిమంగా ఒక కొండ కట్టారు, నాస్తికత్వం బొమ్మను తగలబెట్టారు, ఊరేగింపు తీశారు. హంగుకి లోటు లేదు. రెండు నెలలు తిరగకుండానే రోబెస్పియర్ తల తెగింది, ఆ మతమూ పోయింది. విప్లవకారులు అంతకుముందే పెట్టిన పదిరోజుల వారం కొన్నేళ్లు ఈడ్చింది. కానీ ఏడు రోజులకొక సెలవుకి అలవాటుపడ్డ ఒళ్లు పదోరోజు దాకా ఆగనంది. 1806 మొదటి రోజు నుంచి పాత క్యాలెండరే వచ్చేసింది.

రోబెస్పియర్ దగ్గర అధికారం పోవడం ఒక్కటే కారణం కాదు. ఆ పరమాత్మకు జబ్బు చేసినప్పుడు మొక్కడానికి ఏమీ లేదు, పొలానికి వెళ్తూ తాకి వెళ్లడానికి ఏమీ లేదు. సెరాపిస్ గుళ్లలో రోగులు నిద్ర చేసేవారు, కలలో ఆయన మందు చెప్తాడని. తేడా అక్కడుంది. మీ ముగ్గురు దేవుళ్లలో ఎవరు సెరాపిస్, ఎవరు ఆ కట్టుడు కొండ అని మీరే అడిగి చూసుకోండి.

అందుకని ప్రతి మతానికీ మొదట తేల్చుకోవలసింది, వాళ్లకు ఏం పోతుందని భయం, అది పోకుండా చేత్తో ఏం చేస్తారు, దాని ఖర్చు ఎవరు భరిస్తారు, మిగిలింది ఎవరింటికి వెళ్తుంది అన్నదే. చివరిదాన్ని కొత్త రచయితలు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. అసలు కథ అక్కడే ఉంటుంది.

పురాతన ఈజిప్టు గుళ్లో రోజువారీ తంతు చూడండి. తెల్లవారుజామున పూజారి స్నానం చేసి వచ్చి, గర్భగుడి తలుపు మీద ముందురోజు వేసిన మట్టిముద్ర పగలగొట్టి గడియ తీసేవాడు. విగ్రహాన్ని శుభ్రం చేసి, నూనె పూసి, కొత్త నారబట్ట కట్టి, ఎదురుగా భోజనం పెట్టేవాడు. బయటికొచ్చేటప్పుడు నేలమీద తన అడుగుజాడల్ని చీపురుతో తుడిచేసేవాడు. తలుపు మూసి మళ్లీ ముద్ర వేసేవాడు. దేవుడి ముందు పెట్టిన ఆ భోజనం తర్వాత గుడి పనివాళ్లకు పంపకమయ్యేది, అదే వాళ్ల జీతం.

ఇందులో ఎక్కడా దేవుడి వంశం రాలేదు. అయినా ఆ దేవుడు లోపల నిజంగా ఉన్నాడనిపిస్తుంది. ఎందుకంటే ఒక మనిషి తన అడుగుజాడ కూడా మిగలకూడదని వంగి నేల తుడుస్తున్నాడు. నవలకి కావలసింది ఇలాంటి ఒక్క చేష్ట. ఇక ఆ భోజనం సంగతి తీసుకుంటే, కరువు వచ్చి రాజు గుడికి ధాన్యం తగ్గించాడనుకోండి. ఆకలితో ఉన్నది దేవుడా, పూజారి పిల్లలా? ఆ ప్రశ్న ఒక్కటే ఒక అధ్యాయం నడిపిస్తుంది.

ఇప్పుడు పదాల దగ్గరికి వద్దాం. మీ రీడర్లు 'మనకు తెలిసిన మతమే' అన్నారంటే తప్పు వాళ్లది కాదు. తెలుగులో పూజా పదాలన్నీ ఇప్పటికే ఎవరో ఒకరి సొంతం. పూజ, అర్చన, నైవేద్యం అనగానే ఒక గుడి కళ్లముందుకొస్తుంది. ప్రార్థనకూటం, స్తుతి, సువార్త అంటే ఒక చర్చి. నమాజు, దువా అంటే ఒక మసీదు. మీరు సముద్రదేవత ముందు నైవేద్యం పెట్టించిన క్షణాన మీరు కట్టిన రేవు పట్నం మాయమైపోయి, పాఠకుడికి తెలిసిన గుడే కనిపిస్తుంది. ఇది అందరు తెలుగు ఫాంటసీ రచయితలకూ ఉన్న ఇబ్బందే.

దీన్ని తప్పించుకోవడానికి చాలామంది నోరు తిరగని పేర్లు పుట్టిస్తారు. మీ లిస్ట్‌లో 'జ్రాక్ష్', 'వెల్మోర్త్' లాంటివి నాలుగైదు ఉన్నాయి. అవి తీసేయమని నా గట్టి సలహా. తెలుగు పదానికి ని, కి, లో, తో అతుక్కోవాలి, బహువచనం కావాలి. 'జ్రాక్ష్‌లకి' అని ఒకసారి పైకి చదవండి. నాలుక తడబడే పదం మనసులో కూడా నిలవదు. మీరు పుట్టించే ప్రతి పదాన్నీ విభక్తులన్నీ తగిలించి, ఒక ముసలావిడ కోపంగా మాట్లాడే వాక్యంలో పెట్టి చూడండి. నలిగితే నిలుస్తుంది, విరిగితే పారేయండి.

ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యం. తెలుగులో చాలా పూజా పదాలకు వాటి సొంత క్రియ ఉంటుంది. దీపం పెడతారు, మొక్కు తీరుస్తారు, నోము నోస్తారు, ఉపవాసం ఉంటారు, దండం పెడతారు, ఒట్టు వేస్తారు. ఆ జత వల్లే అవి నలిగిన మాటల్లా వినిపిస్తాయి. మీ డ్రాఫ్ట్‌లో అన్నింటికీ 'చేశారు' తగిలించారు: సాగర సమర్పణ చేశారు, అగ్నిశాంతి చేశారు, పూర్వజ స్మరణ చేశారు. ఇది ఆఫీసు సర్క్యులర్ భాష. తరతరాలుగా నోళ్లలో నానిన మతానికి ఈ భాష ఉండదు.

మీ మూడు మతాల్నీ తీసుకుని నేనైతే ఎలా వెళ్తానో చెప్తాను. వీటిని వాడుకోమని కాదు, దారి చూపడానికే.

రేవు జనానికి సముద్రం అప్పిచ్చే మనిషి లాంటిది. ఇస్తుంది, లెక్క రాసుకుంటుంది, వసూలు చేస్తుంది. వేట నుంచి తిరిగొచ్చాక మొదట చేతికొచ్చిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. దాని పేరు వెనకవాటా. వెనకవాటా 'వదులుతారు', ఎవరూ సమర్పించరు. పెద్ద చేప దాచుకుని చిన్నది వదిలినవాడికి 'బాకీ పడింది' అంటారు. వీళ్ల భాషలో పాపానికి వేరే మాట అక్కర్లేదు, బాకీయే పాపం. మునిగిపోయినవాడి గురించి 'లెక్క తీరింది' అంటారు. తండ్రి బాకీ కొడుకు మోస్తాడా అన్నది వీళ్ల అతి పెద్ద ధర్మసందేహం అవుతుంది. చూడండి, ఒక్క భయం, ఒక్క చేతిపని పట్టుకుంటే నాలుగు పదాలు వాటంతటవే వచ్చాయి. వాటిని ఎక్కడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

నిప్పుకొండ కింది జనం సంగతి ఇంకా బాగుంటుంది. వాళ్ల దేవుడు నిద్రపోతున్నాడు, లేస్తే ఊరుండదు. అంటే వాళ్ల పూజంతా దేవుణ్ని లేపకుండా ఉంచడమే. గంటలుండవు, డప్పులుండవు, బిగ్గరగా మొక్కడం ఉండదు. వాళ్లది జోల. జోల 'పట్టడం' అంటారు. రాత్రిపూట వంతులవారీగా కొండ అంచున కూర్చుని జోల పట్టే ఆడవాళ్లు జోలకత్తెలు. వాళ్లే ఆ ఊరి పూజారులు. ఆ ఊళ్లో మేలుకొలుపు అనే మాట నోటితో అనకూడని బూతు. భూమి కాస్త కదిలితే 'ఒత్తిగిల్లాడు' అంటారు, గొంతు తగ్గించి. మనకు పవిత్రంగా వినిపించే మేలుకొలుపు అక్కడ శాపమయ్యేసరికి, పాఠకుడు తనకు తెలిసిన గుడిని అక్కడ చూడలేడు. మామూలు తెలుగు మాటలతోనే పరాయి లోకం వచ్చేస్తుంది.

మైదానపు జనానికి ఒక గడువు పెట్టండి. చనిపోయిన పెద్దని, ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు బతికున్నంత కాలమే కొలుస్తారు. ఆ చివరి మనిషి కూడా పోయినరోజు గోడమీది పేరు చెరిపేస్తారు. అది 'పేరు దించడం'. ఒక ముసలివాడు తన తల్లిని గుర్తుంచుకున్న ఆఖరి మనిషి అయితే, అతని చావు రెండు చావులు. ఇంతకుమించి ఈ మతానికి నేను ఏమీ కలపను. మీరు పెట్టిన ఏడు తరాల దేవతలు ఇక్కడ అడ్డమే.

అర్థం కాని మాటలు అసలు ఉండకూడదా అంటే, ఉండాలి, కానీ వాటికి కారణం ఉండాలి. మతంలో భాష జనంకన్నా నెమ్మదిగా నడుస్తుంది. సుమేరియన్‌ని ఇంట్లో మాట్లాడటం క్రీ.పూ. 2000 ప్రాంతానికల్లా ఆగిపోయిందంటారు, ఆ తర్వాత వెయ్యేళ్లు దాటినా మెసొపొటేమియా గుళ్లలో ఆ భాషలో పాడుతూనే ఉన్నారు. రోములో సాలీ అనే పూజారులు మార్చి నెలలో డాళ్లు పట్టుకుని గెంతుతూ పాటలు పాడేవాళ్లు. ఆ పాటలు ఆ పూజారులకే సరిగా అర్థం కావని 1వ శతాబ్దంలో క్వింటిలియన్ అనే రోమన్ రచయిత రాశాడు. మార్చడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

ఆ భయం ఎంతటిదో మరో రోమన్ రచయిత ప్లినీ చెప్పిన ఒక వివరంలో కనిపిస్తుంది. రోమన్ అధికారి దేవుడికి మొక్కు చదవాలంటే, ఒకడు రాసినదాన్ని చూసి ముందు పలికేవాడు, ఇంకొకడు మాట పొల్లుపోకుండా కనిపెట్టేవాడు, మరొకడు జనాన్ని నోరు మెదపనివ్వకుండా చూసేవాడు. వేరే చప్పుడేదీ చెవిన పడకుండా పక్కన ఒకడు వేణువు ఊదేవాడు. తప్పు దొర్లితే తంతు మళ్లీ మొదటికి వచ్చేది. ఇప్పుడు మీ జోలకత్తెని ఊహించుకోండి. జోలలో ఒక పాదం ఎవరికీ అర్థం కాదు. చిన్నపిల్ల ఒకతి నేర్చుకుంటూ ఆ పాదాన్ని తనకు అర్థమయ్యేలా కాస్త సవరించి పాడింది. ఆ రాత్రి కొండ ఒత్తిగిల్లింది. మీ పాత పదాల్లో ఒకటో రెండో ఇలాంటిచోట పనికొస్తాయి. అర్థం కాకపోవడమే వాటి పని.

దేవుడి పేరు విషయంలో మీరు చాలా ధారాళంగా ఉన్నారు. ప్రతి పేజీలో పేర్లు దొర్లుతున్నాయి. నిజంగా భయపడే జనం పేరు పలకరు. యూదులు తమ దేవుడి నాలుగక్షరాల పేరుని పలకకుండా 'ప్రభువు' అనే అర్థమున్న మాటో, 'ఆ పేరు' అనో చదువుతారు. గ్రీకులు పగబట్టి వెంటాడే ఎరినీస్ దేవతల్ని 'దయగలవాళ్లు' అని పిలిచేవారు, కోపం రాకుండా. మీ రేవు జనం ఒడ్డున ఉన్నప్పుడు సముద్రం అంటారు, పడవెక్కాక 'ఆవిడ' అంటారు. అంతే చాలు. నలభైలో సగం పేర్లు దీనితోనే అవసరం లేకుండా పోతాయి.

మూడు మతాలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఒకళ్ల మాట ఇంకొకళ్ల నోట్లో ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఇక్కడ నాకెప్పుడూ ఒళ్లు జలదరించే ఉదాహరణ ఒకటుంది. వేదాల్లో దేవ అంటే దేవుడు. ఇరాన్‌లో పుట్టిన జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో అదే మాట, దఎవ, దుష్టశక్తి. అక్కడ పరమదైవం అహుర మజ్దా. ఆ అహుర మన అసురకి తోబుట్టువు. ఒకే మూలం నుంచి విడిపోయిన జనాల మధ్య దేవుడూ దయ్యమూ తారుమారయ్యారు. మీ కొండజనమూ రేవుజనమూ ఒకప్పుడు ఒకటేనని మీరు మూడో అధ్యాయంలో చెప్పారు కదా. ఆ సంగతిని అక్కడ ముసలివాడి చేత కథలా చెప్పించకుండా, ఒక్క మాట ఇటు పవిత్రంగా, అటు బూతుగా వినిపిస్తే పాఠకుడు తానే కనుక్కుంటాడు.

పేరు ఎవరు పెట్టారన్నది కూడా చూసుకోండి. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో క్వేకర్లు అంటే వణికేవాళ్లు అని బయటివాళ్లు వెక్కిరింతగా పెట్టిన పేరు. వాళ్లు తమను మిత్రులు అనుకునేవారు. వారాల పేర్లలో పాత దేవతలున్నారని వాటిని మానేసి మొదటి రోజు, రెండో రోజు అని లెక్కపెట్టేవారు. చర్చిని చర్చి అనకుండా గోపురమున్న ఇల్లు అనేవారు. మతభాషని వద్దనడమే ఒక మతభాష అయింది. మీ మైదానపు జనం ఇలాంటివాళ్లని నాకనిపిస్తోంది. వాళ్లకు గుడి అనే మాటే వద్దు, 'గోడ' అనండి. 'సాయంత్రం గోడ దగ్గరికి వస్తావా?' అని పిలిస్తే చాలు.

మతంలో చీలిక గురించి మీ నాలుగో భాగంలో పెద్ద సిద్ధాంత చర్చ రాశారు. దేవుడు ఒకడా ఇద్దరా అని పది పేజీలు వాదించుకుంటారు. తీసేయమనను కానీ, జనం విడిపోవడానికి దానికన్నా చిన్న కారణం ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. రష్యాలో 1653లో పాత్రియార్క్, అంటే అక్కడి చర్చి పెద్ద, నికాన్ సంస్కరణలు మొదలుపెట్టాడు. శిలువ గుర్తు రెండు వేళ్లతో కాదు మూడు వేళ్లతో వేయాలి, అల్లెలూయా రెండుసార్లు కాదు మూడుసార్లు అనాలి, యేసు పేరులో ఒక అక్షరం పెరగాలి. పాత పద్ధతిని వదిలేది లేదన్నవాళ్లు అడవులకు పారిపోయారు. వాళ్ల నాయకుడు అవ్వాకుమ్‌ని 1682లో సజీవంగా కాల్చేశారు. బయటివాడికి ఒక వేలు తేడా. లోపలివాడికి, తన తాత తప్పుగా మొక్కి చచ్చిపోయాడని ఒప్పుకోవడం. ఆ రెండో వాక్యం మీ పాత్ర గుండెలో ఉంటే చీలికకి వేరే వివరణ అక్కర్లేదు.

అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చేది తిట్లు. మీ పాత్రలు కోపమొస్తే ఏమీ అనడం లేదు, మహా అయితే 'ఛీ' అంటున్నారు. కెనడాలోని క్విబెక్‌లో ఫ్రెంచివాళ్ల గట్టి బూతుల్లో చాలావరకు చర్చి సామాన్ల పేర్లే: పవిత్ర రొట్టె ఉంచే పెట్టె, ద్రాక్షరసం పోసే గిన్నె, ఆ రొట్టె. వందల ఏళ్లు చర్చి పెత్తనం కింద బతికిన జనం నోట్లో పూజాసామగ్రి బూతైంది. మతం ఒక సమాజంలోకి ఎంత లోతుగా దిగిందో తిట్టు చెప్పినట్టు స్తోత్రం చెప్పదు. రేవు పట్నంలో బేరం తెగనప్పుడు 'నీ వెనకవాటా మునగ' అని ఒకడు అన్నాడంటే, వెనకవాటా ఏమిటో ఇరవై పేజీల తర్వాత తెలిసినా పర్వాలేదు. నమ్మకం సన్నగిల్లినవాడు కూడా ఆ తిట్టు మానలేడు. అలాంటివాణ్ని తప్పక ఒకణ్ని పెట్టండి. మీ నవలలో ఇప్పుడు అందరూ ఒకే మోతాదులో భక్తులు. వెనకవాటా వదులుతూ చిన్న చేపని ఏరుకునేవాడు, జోల పట్టే వేళ కునికేది, పేరు దించే రోజున ఏడుపు రానివాడు, వీళ్లు వస్తేనే మతం మనుషుల మధ్యకి వస్తుంది.

అనుకరణ అనే మాటకి భయపడకండి. నీరు, నిప్పు, చావు, పంట గురించి మనిషి మొక్కని మొక్కు లేదు, పూర్తిగా కొత్తది ఎవరూ పుట్టించలేరు. ఏ ఒక్క బతికున్న మతంనుంచీ రూపం, పదం, దుస్తులు, పండగ మూటగట్టి తీసుకోకుండా ఉంటే చాలు. ఒక్కచోట మాత్రం గట్టిగా చెప్పాలి. మీ కొండజనం మొదట్లో నరబలి ఇస్తారు, వాళ్ల వేషం చూస్తే ఏ నిజమైన జనాన్ని తలుచుకుని రాశారో ఎవరైనా పోలుస్తారు. ఒక సమాజం పవిత్రంగా చూసుకునేదాన్ని పేరు మార్చి క్రూరుల చేతిలో పెట్టడం ఆ మనుషుల్ని గాయపరుస్తుంది. ఆ భాగాన్ని మళ్లీ రాయండి. జోల ఉన్న ఊరికి బలి అవసరం కూడా లేదు. మెలకువగా ఉండటమే వాళ్లిచ్చేది.

ఇక ఆ నలభై పదాలు. మొదటి యాభై పేజీల్లో మతానికి రెండేసి చొప్పున ఆరు మాటలకు మించనివ్వకండి. ప్రతిదీ మొదటిసారి వచ్చినప్పుడు ఎవరో ఒకరి చేతిలో ఏదో ఒక పని జరుగుతూ ఉండాలి. రెండోసారి కోపంలోనో బేరంలోనో రావాలి. మూడోసారి కూడా అర్థం కాలేదని రీడర్ అంటే అప్పుడు పదం మార్చండి. పుస్తకం చివర పదకోశం పెట్టాలనుకుంటున్నారు కదా, అది మీ టేబుల్ దగ్గరే ఉంచుకోండి, అచ్చుకి పంపకండి. ముందు నిప్పుకొండ అధ్యాయం ఒక్కటి ఈ పద్ధతిలో తిరగరాసి ఇక్కడ పెట్టండి. జోల పట్టే రాత్రి సీన్ నేను వాక్యం వాక్యం చదివి చెప్తాను.